ఆ రోజు పెట్టని స్టాండర్డు

ఇప్పటి ల్యాబు పిల్లలను చూస్తే నాకు అసూయా కలుగుతుంది, జాలీ కలుగుతుంది. గొట్టంలో రక్తం పోసి మిషన్‌లో పెట్టి మీట నొక్కుతారు. చాయ్ తాగి వచ్చేసరికి కాగితం బయటికి వచ్చి ఉంటుంది. మంచి కొలెస్ట్రాల్ ఎంత, చెడ్డ కొలెస్ట్రాల్ ఎంత, అన్నీ అచ్చుపడి ఉంటాయి. అసూయ అందుకు. జాలి ఎందుకంటే, ఆ రక్తం ఎవరిదో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. తెలిసీ చేసిన పని గురించే ఈ నాలుగు ముక్కలు.

నేను క్రైస్తవ మిషన్ దవాఖానలో ల్యాబు పనివాణ్ని. గోదావరికి ఇవతల, చెన్నూరు బాట మీద ఉండేది ఆ దవాఖాన. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు అసలే రాయను. నిజాం రాజ్యం పోయి, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయి, ఏడెనిమిదేళ్లు గడిచిన కాలం. మా బాపు ఒక పటేలు దగ్గర పాలేరుగా జీతం ఉండేవాడు. పాస్టరయ్య పట్టుబట్టి నన్ను మిషన్ బడిలో వేశాడు. అక్కణ్నుంచి దవాఖానలో సీసాలు కడిగే పనికి వచ్చాను. సీసాలు కడిగే చేతికే ల్యాబు అప్పగించింది డాక్టరమ్మ.

ఆమె సముద్రం వైపు నుంచి వచ్చిన మనిషి. ‘రండి, కూర్చోండి’ అంటే మా రోగులు వెనక్కి తిరిగి, తమ వెనక ఇంకెవరైనా పెద్దమనిషి నిలబడ్డాడేమోనని చూసేవాళ్లు. కోపం తక్కువ, పట్టుదల ఎక్కువ. ఆమె పెట్టిన నియమాల్లో ఒకటి ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దాని మీదే నిలబడింది. ఏ పరీక్ష చేసినా పక్కన స్టాండర్డు నడిపించాలి.

స్టాండర్డు అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కొలెస్ట్రాల్ పొడిని తూచి కరిగించి సీసాలో ఉంచుకుంటాం. అందులో ఎంత ఉందో మనకు ముందే తెలుసు. రోగి రక్తంతో పాటు దాన్ని కూడా అవే మందుల్లో, అదే వేళకు నడిపిస్తాం. తెలిసినదానికి తెలిసిన లెక్క వస్తేనే, తెలియనిదానికి వచ్చిన లెక్కను నమ్మాలి. ‘సాక్షి లేకుండా నీ మాట ఎవరు నమ్ముతారయ్యా?’ అనేది డాక్టరమ్మ.

దవాఖానకు ఒక జీపు ఉండేది. ఆ జీపు డ్రైవరు నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. కాపు బిడ్డ, సొంత పొలం నాలుగెకరాలు ఉన్నా స్టీరింగు మీద మోజుతో ఉద్యోగంలో చేరాడు. అతని బాపు ముప్పై ఎనిమిదో ఏట నాగలి పట్టుకొని ఉండగానే కూలిపోయాడట. అన్న ముప్పై ఆరో ఏట ఎడ్లను కట్టేస్తూ పశువుల గాట్లోనే పడిపోయాడు. వదిన పుట్టింటికి వెళ్లిపోయింది. ఇంట్లో మిగిలింది అతనూ, వాళ్ల అవ్వా, అంటే తల్లీ. నలభై దాటితేనే పెండ్లి అని ఒట్టు పెట్టుకున్నాడు. ఒక ఆడమనిషిని ముండమోపిని చేసి పోవడం తనవల్ల కాదనేవాడు. దాన్ని కూడా నవ్వుతూనే చెప్పేవాడు.

ఒకరోజు మందుల పెట్టె దించుతూ అతను చొక్కా చేతులు పైకి మడిచాడు. పక్కనే నిలబడ్డ డాక్టరమ్మ అతని మోచేతిని పట్టుకుంది. చింతగింజంత పసుపుపచ్చ గడ్డలు రెండు ఉన్నాయక్కడ. చెప్పులు విడవమంది. మడమ వెనక నరం మీద కూడా లావుగా గడ్డ కట్టి ఉంది. కళ్ల మూలల్లో పసుపు పూసినట్టు మచ్చలున్న సంగతి మాకందరికీ తెలిసిందే.

“ఏందమ్మా గట్ల జూస్తున్నరు? గవి లచ్చిమి మచ్చలు. మా బాపుకు ఉండె, అన్నకు ఉండె” అన్నాడు.

“మీ నాన్న ఎన్నేళ్లకు పోయాడు?” అని అడిగింది ఆమె.

“ముప్పై ఎనిమిది. మా ఇంట్ల మగోళ్లు నలభై జూడరమ్మా. లచ్చిమి ఉన్నకాడ ఆయుష్షు ఉండదట.”

డాక్టరమ్మ నవ్వలేదు. నా వైపు తిరిగి, రేపు పొద్దున పరగడుపున ఇతని రక్తం తీయమంది.

ఆ రక్తం చూడ్డానికి అందరి రక్తం లాగానే ఉంది. మందులు కలిపి చీకట్లో ఉంచి బయటికి తీస్తే మామూలు మనిషిది లేత ఆకుపచ్చగా తేలుతుంది. అతనిది ముదురు పచ్చ. రంగును కొలిచే కలరీమీటరు ముల్లు, దాన్ని లెక్కగా మార్చడానికి నేను గోడకు అంటించుకున్న గీతల కాగితం దాటిపోయింది. పలచన చేసి మళ్లీ చూశాను. రెండు వందలకు అటూ ఇటూ ఉండాల్సిన లెక్క అయిదు వందలకు దగ్గర ఉంది. స్టాండర్డు సరిగ్గానే వచ్చింది కాబట్టి తప్పు లేదు. డాక్టరమ్మ పక్కన నిలబడి మూడోసారి కూడా చేయించింది.

ఆ సాయంత్రం అవ్వను కూడా పిలిపించి డాక్టరమ్మ చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. కొలెస్ట్రాల్ విషం కాదంది. ఒంటికి కావలసిన పదార్థమే, కాలేయం తానే తయారు చేసుకుంటుంది, తిండిలోంచి కొంత వస్తుంది. అవసరానికి మించితే రక్తనాళాల లోపల పేరుకుంటుంది. గానుగలో నూనె తీశాక అడుగున గసి నిలుస్తుందే, అట్లా. గుండెకు పోయే నాళం పూడుకుపోతే మనిషి నిలబడ్డ చోటే పడిపోతాడు.

డ్రైవరు, “గానుగ బంద్ వెడితే గసి ఆగుతది గదమ్మా?” అన్నాడు.

“ఆ గానుగ నీ లోపలే ఉందయ్యా. మీ వంశంలో అది పుట్టుకతోనే ఎక్కువ ఆడుతోంది. బయటి నుంచి వచ్చేదాన్ని ఆపగలం. లోపలిదాన్ని కొంచెం నెమ్మది చేయగలమేమో చూద్దాం. దీనికి నా దగ్గర మందు లేదు. ఉన్నవి తిండీ, నడకే.”

“సచ్చేదాక గడ్డి తినుమన్నా తింట గని, సావకుంట జూడుండ్రి” అన్నాడతను.

వనస్పతి డబ్బా బంద్. నెయ్యి, గుడ్డులో పచ్చసొన, మేక తలకాయ, మూలుగు ఉండే నల్లి బొక్కలు బంద్. జొన్నరొట్టె, గట్క, మెంతికూర, ఎల్లిపాయ, పప్పులు తినాలి. నూనె కావాలంటే కుసుమ నూనె, అదీ కొలత ప్రకారం. పొద్దున గోదావరి దాకా నెమ్మదిగా నడవాలి. జీపుకు హ్యాండిల్ తిప్పడం, బరువులెత్తడం మానాలి. ఇవన్నీ చెప్పి, ‘వారం వారం ఇంటికి పోయి చూసిరా’ అని నాకు పని అప్పగించింది.

అవ్వకు నవ్వొచ్చింది. ఆమె పుట్టిల్లు ఆదిలాబాద్ అవతల ఇచ్చోడ దిక్కు. “మా అవ్వగారింట్ల కర్డి నూనె తప్ప వేరేది ఎరుగం బిడ్డా. వీడు నౌకరీ జేరినంక డబ్బ నెయ్యి దెచ్చె. నాగరికం అంటె గదే అనుకుంటిమి. మళ్ల కర్డి నూనెకే పొమ్మంటున్నరా? ఖుషీగ పోతం” అంది. అటువైపు వాళ్లు కుసుమలను కర్డి అనే అంటారు.

ఎనిమిది నెలలు ఆ ఇల్లు మఠంలాగా నడిచింది. కొడుకు తినంది తానూ తినలేదు ఆ తల్లి. పెండ్లి విందుల్లో అతను మాంసం వడ్డించిన ఇస్తారాకు ముందు కూర్చొని చారూ బువ్వా తిని లేచేవాడు. తోటివాళ్లు ‘సన్యాసం పుచ్చుకున్నవా?’ అని ఆటపట్టించేవాళ్లు. మా కంపౌండరు అయితే జీపుకు పెట్రోలు బదులు మెంతులు పోస్తాడని ప్రచారం చేశాడు. అతనికి పట్టింపు లేదు. నేను వెళ్లి అడిగితే, రోజు వారీగా ఏం తిన్నాడో బడిపిల్లవాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాడు.

నాలుగు నెలలకు పరీక్ష చేశాం. నలభై మాత్రమే తగ్గింది. అతని ముఖం చూడలేకపోయాను. డాక్టరమ్మ మాత్రం తగ్గింది కదా, కానీయ్ అంది. నా ఒక్కడికే వేరుగా చెప్పింది, ఇటువంటి ఇళ్లలో తిండితో వచ్చేది ఇంతేనేమోనని. నేను ఆ మాట వినదలుచుకోలేదు. జొన్నరొట్టె మీద నాకు ఆమె కంటే ఎక్కువ నమ్మకం ఏర్పడింది. వారం వారం వెళ్లి చూసేవాణ్ని కదా, అది నా గెలుపో ఓటమో అన్నట్టు తయారైంది.

వానాకాలం సగం దాటాక అతనికి గట్టు ఎక్కితే రొమ్ములో బరువుగా ఉండడం మొదలైంది. ఆగితే పోయేది. డాక్టరమ్మ వెంటనే హైదరాబాదులోని పెద్ద దవాఖానకు ఉత్తరం రాసింది. ఈసీజీ, అంటే గుండె గీత, తీయించాలి, అక్కడి డాక్టర్లు చెబితే కొన్నాళ్లు మంచం మీద పండబెట్టాలి. పోయేముందు మరోసారి రక్తం చూసి ఆ లెక్క కూడా జత చేస్తానంది. మంచిర్యాలలో రైలెక్కడానికి రోజు కూడా అనుకున్నారు.

ఆ పరీక్ష రోజు ముసురు. నాలుగు రోజులుగా ఎండ మొహం లేదు. కడిగిన గొట్టాలను నేను ఎప్పుడూ ఎండలో ఆరబెట్టేవాణ్ని. ఆరోజు గుడ్డతో తుడిచాను. ఈ పరీక్షకు నీళ్లంటే పగ. గొట్టంలో చెమ్మ ఉన్నా, మందు సీసా తేమ పీల్చినా ఆకుపచ్చ రంగు పూర్తిగా తేలదు. రంగు తక్కువైతే లెక్క తక్కువ వస్తుంది. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఇతరులకు నేర్పిన సంగతే. మందు సీసా బిరడా కూడా కొంత వదులైందని వారం కిందటే గమనించాను.

స్టాండర్డు సీసాలో అడుగున ఒక్క పరీక్షకు సరిపడా ఉంది. పొడి బొంబాయి నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో తెలియదు. ముఖ్యమైన అవసరం పడితే పనికొస్తుందని దాచాను. ఆ అవసరం ఇదేనని నాకు తోచలేదు. గోడ మీద గీతల కాగితం ఉండనే ఉంది, ఎన్నోసార్లు సరిపోయిన కాగితం.

రక్తం తీసేటప్పుడు అతని చెయ్యి చాపించి మోచేతి కింద నా అరచెయ్యి పెట్టాను. ఆ పసుపుపచ్చ గడ్డలు నా వేళ్లకు తగిలాయి. ఎనిమిది నెలల కింద ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి. నా వేళ్లకు తెలిసింది. నా బుద్ధికి తెలియలేదు.

రంగు లేతగా తేలింది. ముల్లు చూసి, కాగితం చూసి, మళ్లీ ముల్లు చూశాను. రెండు వందల అరవై. అతను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసే అతనికి తెలిసిపోయింది.

“దిగిందా అన్నా?”

“దిగింది” అన్నాను. 

అతను అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. లేచి, “అవ్వకు జెప్పొస్త” అని వానలోనే పరుగెత్తాడు. పరుగెత్తకూడదని చెప్పడం కూడా మర్చిపోయాను.

పిల్లలూ, ఒక మాట రాసిపెట్టుకోండి. మనకు ఇష్టంలేని అంకె వస్తే పరీక్ష రెండుసార్లు చేస్తాం, మూడుసార్లు చేస్తాం. ఇష్టమైన అంకె వస్తే ఎవరూ రెండోసారి చేయరు.

కాగితం తీసుకొని డాక్టరమ్మ గదికి వెళ్లాను. ఆమె చాలాసేపు చూసింది. నాలుగు నెలల్లో ఇంతా అంది. కళ్లద్దాలు తీసి నన్నే చూస్తూ, “స్టాండర్డు పెట్టావా?” అని అడిగింది.

“పెట్టానమ్మా” అన్నాను.

ఎందుకన్నాను? ఇన్నేళ్లూ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. భయపడి అనలేదు, ఆమె తిట్టే మనిషి కాదు. పెట్టలేదంటే మళ్లీ చేయమంటుంది. మళ్లీ చేస్తే ఆ అంకె నిలబడదేమోనని నాలో ఎక్కడో తెలుసు. గడప మీద కూర్చొని ముఖం కప్పుకున్న మనిషి దగ్గరికి పోయి, కాదు తమ్మీ, పొరపాటైందని చెప్పలేను. ఆ ఒక్క మాటకు జంకి అబద్ధమాడాను.

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. అట్లయితే తొందర లేదు, దసరా అయ్యాక పంపిద్దామంది. హైదరాబాదు ప్రయాణం అట్లా ఆగింది.

నాలుగో రోజు పెత్రమాస. చచ్చిపోయిన పెద్దలకు పెట్టే అమావాస్య. ఆ ఇంట్లో ఆచారం ఏమిటంటే, ఎవరికి ఏది ఇష్టమో అది వండి ఒక్కొక్కరి పేరున మోదుగాకుల ఇస్తారు, అంటే విస్తరి, పరుస్తారు. ఊదు వేసి మొక్కాక ఆ ఇస్తార్లు ఇంటి మగవాడు తినాలి. తినకపోతే పెద్దలు ఆకలితో తిరిగిపోయినట్టు. ఆ ఏడు ఆవుకు పెడదామని తల్లీ కొడుకూ ముందు అనుకున్నారు. నా అంకె విన్నాక ఆమె పొయ్యి వెలిగించింది. పెనిమిటికి నల్లి బొక్కల పులుసు, పెద్దకొడుకుకు నెయ్యి కారే బూరెలు.

నన్ను కూడా పిలిచారు. మా చర్చి నియమం ప్రకారం చచ్చిన పెద్దలకు పెట్టిన కూడు తినకూడదు. నేను అరుగు మీద కూర్చున్నాను. లోపల అతను తింటున్నాడు.

“ఎన్ని దినాలాయెనే అవ్వా, నల్లి బొక్క నోట్ల వెట్టక” అంటున్నాడు.

“తిను కొడుకా. మీ బాపు సూస్తుండు” అంటోంది ఆమె.

తరువాత బయటికి వచ్చి నా పక్కన కూర్చొని, “వచ్చే ఏడు పిల్లను జూడుమన్న అన్నా. అవ్వ ఏడుస్తుంది, ఖుషీతోని” అన్నాడు. నేను అతని భుజం తట్టాను. ఆ క్షణంలో నాకంటే సంతోషంగా ఉన్నవాడు ఆ జిల్లాలో లేడు.

మూడు రోజులు గడిచాయి. చెన్నూరు దిక్కు ఒక ఊళ్లో వారానికోసారి మందులిచ్చే రోజు. జీపులో ముందు నేనూ అతనూ, వెనక నర్సు సిస్టరమ్మ. వాన వెలిసింది కానీ బాటంతా రేగడి బురద. ఒకచోట చక్రం దిగబడింది. అతను దిగి, ప్యాంటు మడిచి, రాళ్లు వేసి, దారిన పోయే ఇద్దరిని పిలిచి తానూ భుజం పెట్టి తోశాడు. నేను చూస్తూ ఉన్నాను. నెల కిందట అయితే దిగనిచ్చేవాణ్నే కాదు. ఆ రోజు నా దగ్గర రెండు వందల అరవై ఉంది.

జీపు బయటపడింది. అర మైలు నడిపాడో లేదో. “అన్నా, జర ఆగుదాం” అన్నాడు. బండిని నెమ్మదిగా పక్కకు తీశాడు. హ్యాండ్ బ్రేకు వేశాడు. తాళం తిప్పి ఇంజను ఆపాడు. మాకు ఏ ప్రమాదం రాకుండా చేయవలసినవన్నీ చేసి, స్టీరింగు మీద తల ఆనించాడు. సిస్టరమ్మా నేనూ దించి పడుకోబెట్టేసరికి అయిపోయింది. ముప్పై ఆరు నిండలేదు.

మర్నాడు అతణ్ని కాలబెట్టి వచ్చాక ల్యాబుకు వెళ్లాను. కిరసనాయిలు ఫ్రిజ్‌లో అతని రక్తం తేట కొంచెం మిగిలి ఉంది. పారేయడం మర్చిపోయినదే. ఎండ బాగా కాసింది. గొట్టాలు ఎండలో ఎండబెట్టాను. కొత్త మందు సీసా మూత విప్పాను. దాచిపెట్టిన ఆ చివరి స్టాండర్డు పక్కన పెట్టి పరీక్ష చేశాను. ముదురు పచ్చ తేలింది. నాలుగు వందల యాభైకి పైన. స్టాండర్డుకు రావలసిన లెక్క స్టాండర్డుకు వచ్చింది. మొదట దాచి పెట్టుకున్న సాక్షి, మనిషి పోయాక నా మీద సాక్ష్యం చెప్పింది.

హైదరాబాదు పోతే బతికేవాడా? తెలియదు. ఆ రోజుల్లో గుండెకు చేయగలిగింది తక్కువ. పండబెట్టేవాళ్లు, జీపు మాన్పించేవాళ్లు, ఒక ఏడో రెండేళ్లో మిగిలేవేమో. ఇప్పుడు ఇదే జబ్బుకు మాత్రలున్నాయి, రోజూ మింగి ముసలితనం చూస్తున్నారు. అతనికి అవి పాతికేళ్లు ఆలస్యం. జొన్నరొట్టె, కుసుమ నూనె, నడక మంచివే, ఇప్పటికీ చెబుతాను, మామూలు మనుషులకు చాలా మేలు చేస్తాయి. లోపలి గానుగను అవి ఆపలేవని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. వినలేదు నేను. తెలియదనే మాట నాకు ఊరటనిస్తుందని అనుకునేరు. ఇవ్వలేదు.

రెండు రోజులు తర్జనభర్జన పడి డాక్టరమ్మ గది తలుపు దగ్గర నిలబడ్డాను. నోరు తెరవకముందే ఆమె అంది: “స్టాండర్డు సీసా అడుగున ఒక్క పరీక్షకు సరిపడేది మొన్నటిదాకా అలాగే ఉంది. ఇవాళ ఖాళీగా ఉంది.”

అది చెప్పడానికే వచ్చానన్నాను.

“నాకు చెప్పి ఏం లాభం? చెప్పవలసిన మనిషి ఊళ్లో ఉంది” అంది. తర్వాత తానే, “నేనూ ఆ కాగితాన్ని నమ్మాలనిపించి నమ్మాను. గడ్డలు తగ్గాయా అని నేనైనా చూడాల్సింది” అంది. నన్ను పనిలోంచి తీసేయలేదు. తీసేసినా బాగుండేది. ఆ తర్వాత ఆమె ఎన్నడూ స్టాండర్డు పెట్టావా అని అడగలేదు. ముఖ్యమైన పరీక్ష అయితే తానే వచ్చి నా పక్కన నిలబడి, గొట్టాలు లెక్కపెట్టుకొని వెళ్లేది. రెండేళ్ల తర్వాత బదిలీ అయి వెళ్లిపోయేదాకా అంతే.

పదకొండో రోజు దాటాక అవ్వ దగ్గరికి వెళ్లాను, చెప్పాలనే వెళ్లాను. ఆమె పొయ్యి ముందు కూర్చొని తన కుడిచేతిని చూసుకుంటోంది.

“గీ చెయ్యే బిడ్డా. గీ చేత్తోనే వెట్టిన. ఎనిమిది నెలలు కట్టుకొని, ఒక్క పూట ఆగకపోతి.”

“తిండితోని కాదవ్వా. ఒక్క పూట తిండికి మనిషి పోడు” అన్నాను.

“నువ్వే గద బిడ్డా వారం వారం వచ్చి గది తినొద్దు గిది తినొద్దంటివి? గప్పుడు తిండితోని అయితదంటివి. గిప్పుడు కాదంటవా?”

దానికి ఒక్కటే జవాబు ఉంది. లెక్క తప్పవ్వా, నేను తప్పు చేశాను, అబద్ధమాడాను. ఆ ముక్క చెబితే తప్ప ఆమె చేతిమీద పడ్డ నింద పోదు. నాలిక దాకా వచ్చింది. బయటికి రాలేదు. ఏదో గొణిగి లేచి వచ్చాను. వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను. ఆ ఆదివారాలు నెలలయ్యాయి, నెలలు ఏండ్లయ్యాయి. చర్చిలో మోకాళ్లూని దేవునికి ఎన్నిసార్లు చెప్పానో. దేవునికి చెప్పడం సులువు. ఆయన తిరిగి అడగడు.

ఆమె తర్వాత ఎన్నడూ నూనె ముట్టలేదు. రొట్టె, ఉప్పు, కారం. మరుసటి ఏడు పెత్రమాసకు నన్ను పిలిపించింది. మూడు ఇస్తార్లు వేసింది, పెనిమిటికి, పెద్దోడికి, చిన్నోడికి. మూడింటిలోనూ ఉత్త జొన్నరొట్టె. “సచ్చినోళ్లకైనా గా నెయ్యి ఎందుకు బిడ్డా, ఇగ అక్కడనన్న మంచిగుండనియ్యి” అంది. ఇంట్లో తినడానికి మగవాడు లేడు. “వాడు నిన్ను అన్నా అంటుండె. నువ్వు తిను” అంది.

మా చర్చి నియమం నాకు గుర్తుంది. మూడు ఇస్తార్లూ ముందుకు లాక్కొని తిన్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ తిన్నాను. ప్రతి ఏడూ చెప్పాలనే వెళ్లాను.

నేను చివరిసారి తిన్న ఏడు నాటికి ఆమెకు చూపు పోయింది. చేత్తో తడుముకుంటూ ఇస్తార్లు పరిచింది. నేను మొదటి తునక నోట్లో పెట్టుకోగానే అంది:

“ఒక్క మాట అడుగుత బిడ్డా. నీ లెక్క మంచిగనే దిగింది గద. ఎనిమిది నెలలు నువ్వు తిరిగిన తిరుగుడు, పడ్డ కష్టం. అంత కూడవెడితివి. నేను ఒక్కపూటల బూడిదల పోస్తి. నీకు నా మీద కోపం ఉండొచ్చు. ఎన్నడు అనలే నువ్వు. నన్ను మాఫ్ జేసినవా?”

ఇప్పుడైనా చెప్పు అని లోపల ఎవరో అరుస్తున్నారు. ఆమె చూపు లేని కళ్లతో నా వైపు ముఖం పెట్టి జవాబు కోసం కూర్చుంది.

“చేసిన అవ్వా” అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. తడుముకుంటూ ఇంకో రొట్టె తీసి చిన్నకొడుకు ఇస్తార్లో వేసింది. తిన్నాను.